తోరిబియో మూసిన చిల్లులు

మొదటి పెట్టెలో తేనెటీగలు చచ్చిపోయినప్పుడు చలి వల్ల అనుకున్నాం. రెండో పెట్టెలోవి చచ్చిపోయినప్పుడూ చలే అనుకున్నాం. ఒక్క పెట్టె మిగిలాక గాని నాకు అనుమానం రాలేదు.

మా దీవిలో ఏం జరిగినా నేరం చలి మీదికి తోసెయ్యడం తేలిక. మే నెల మొదలు సెప్టెంబరు దాకా వాన పడుతూనే ఉంటుంది. ఉత్తరపు గాలి తోడైతే ఆ వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. ఇళ్ళ గోడలకు బయట చేపపొలుసుల్లా చెక్కపెంకులు కొట్టుకుంటాం, లోపల పాత పత్రికలు అంటించుకుంటాం. నేను రెండేళ్ళు బడికి పోయాను గాని, చదవడం వచ్చింది మాత్రం వంటింటి గోడల మీదే, దుంపలు ఉడికేలోగా. తలకిందులుగా అంటించిన కాగితాలు కూడా చదవగలను.

మూడు పెట్టెల ఈగలను ఆవలి ఒడ్డు నుంచి లాంచీలో తెప్పించుకున్నాను. ఎందుకని అడిగిన వాళ్ళకు తేనె కోసమని చెప్పాను. అసలు సంగతి వేరు. మా దగ్గర అక్టోబరు వస్తే మగవాళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి దక్షిణాదికి పోతారు. మా ఆయన అబెలార్దో ఇరవై రెండేళ్ళు అలా పోయి వచ్చాడు. ఇరవై మూడో ఏడు ఆయన మూట వచ్చింది, ఆయన రాలేదు. అప్పటినుంచీ నేను రేవుకు పోను. ఎవరైనా "వెళ్ళొస్తా" అంటే చాలు, ఏదో పని కల్పించుకుని లోపలికి పోతాను. తేనెటీగల గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఒక్కటే మాట. చలికాలం వస్తే అవి ఎక్కడికీ పోవు. రాణిని మధ్యలో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, ముద్దలా ఇంట్లోనే ఉండిపోతాయి. అలాంటి ప్రాణులు పెరట్లో ఉంటే బాగుండుననిపించింది.

అవి వచ్చిన పెట్టెలు తెల్లరంగు వేసిన పల్చటి చెక్కవి. ఎండలు కాసే చోట అందరూ వాడేవే. మొదటి చలికాలంలో ఒకటి పోయింది. అప్పుడు తోరిబియో వచ్చి చూశాడు.

తోరిబియో గినేఓ పడవలు కట్టే వడ్రంగి. నా కూతురికి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రి. అందుకని ఆయన నాకు కొంపాద్రే, నేను ఆయనకు కొమాద్రే. మా దగ్గర ఈ వరస తోబుట్టువుల వరస కంటే గట్టిది. అన్నతో పోట్లాడవచ్చు గాని కొంపాద్రేతో మాట పట్టింపు రాకూడదు.

ఆయన ఆ తెల్లపెట్టెను వేలితో టకటకమని కొట్టి చూశాడు.

"ఇది ఇల్లా కొమాద్రే? బిస్కట్ల డబ్బా. దీన్లో మిమ్మల్ని పెడితే మీరు మాత్రం బతుకుతారా?"

మా పద్ధతి ప్రకారం నేను బంగాళాదుంప రొట్టెలు పట్టుకుని వాళ్ళింటికి పోయి, నా చేతకాని పని చేసిపెట్టమని బతిమాలుకున్నాను. అలా అడిగితే ఎవరూ కాదనరు. చేసిన వాళ్ళకు కడుపునిండా పెట్టాలి, అంతే. దానికి రెండో కొస కూడా ఉంది. అలా చేసిపెట్టిన పనికి వంక పెట్టకూడదు. కట్టిన ఇల్లు వంకరగా నిలబడినా సరే, చల్లగా ఉండమని చెప్పి ఆ వంకర ఇంట్లోనే కాపురం చెయ్యాలి.

తోరిబియో ఇద్దరు కొడుకులతో వచ్చి మూడు రోజులు పనిచేశాడు. మిగిలిన రెండు కాపురాలకు కొత్త పెట్టెల కోసం రెండు వేళ్ళ మందం దేవదారు పలకలు తెచ్చాడు. అతుకుల్లో ఆలెర్సె చెట్టు బెరడు నారను ఉలితో కూరాడు, పడవ పలకల మధ్య కూరినట్టే. పైన తారు పూశాడు. మూత కూడా అలాగే బిగించాడు. పని అయ్యాక బకెట్టుతో నీళ్ళు తెచ్చి పైనుంచి గుమ్మరించి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు.

"సముద్రంలో వదలండి కొమాద్రే, కెరటాల మీద తేలుకుంటూ పోతుంది."

నేను పంది మాంసం వండి పెట్టాను. ఆపిల్ కల్లు పోశాను. అంత అందమైన తేనెపెట్టెలు దీవి మొత్తం మీద ఎవరికీ లేవు, అది నిజం.

రెండో చలికాలం చివర ఆగస్టులో తెరిచి చూస్తే, ఒక పెట్టెలో ఈగలన్నీ అడుగున పడి ఉన్నాయి. టీలా తాగి పారబోసిన మాతే ఆకుల ముద్దలా ఉన్నాయి. చట్రాల మూలల్లో బూజు. పైవరసలో తేనె అలాగే ఉంది, అంటే ఆకలితో పోలేదు. తోరిబియో తల అడ్డంగా ఊపి, "చలి ఎక్కడో సందు చూసుకుంది," అన్నాడు. మిగిలిన ఒక్క పెట్టెకూ రెండు వరసల నార కూరాడు. కింద ఈగలు వచ్చిపోయే వాకిలిని బొటనవేలి వెడల్పుకు తగ్గించాడు. నేను దండం పెట్టాను.

అనుమానం వచ్చింది ఆ తరువాతి మే నెలలో. మా వంటింట్లో తొమ్మిది రోజుల ప్రార్థనకు పదిహేను మంది కూచున్నారు. అందరి ఒంటి మీదా తడిసిన ఉన్ని బట్టలు, పొయ్యి నిండా మంట, పెద్ద గిన్నెలో దుంపలు. తోరిబియో పెళ్ళాం సునీల్దా కిటికీ పక్కన కూచుంది. అద్దం మీదనుంచి నీళ్ళు ఆమె భుజం మీదికి కారుతున్నాయి.

"ఏమే ఓర్ఫా," అంది ప్రార్థన మధ్యలోనే, "వాన బయట పడుతోందా, నీ ఇంట్లో పడుతోందా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ కిటికీని చూస్తూ ఉండిపోయాను. చచ్చిన పెట్టె మూత తీసినప్పుడు లోపలివైపు అచ్చం అలాగే ఉంది. వరసగా నీటిబొట్లు. వాన నీళ్ళు కావు. తోరిబియో పెట్టెలోకి వాన ఎలా దూరుతుంది?

మా చిన్న గుడి బీరువాలో ఎవరో పంపిన పుస్తకాల మధ్య అట్ట లేని తేనెటీగల పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని అంతకుముందే చదివాను గాని, చలి దేశాల పెట్టెల భాగాన్ని తోరిబియో మీద నమ్మకంతో వదిలేశాను. ఇప్పుడు వెళ్ళి తెచ్చుకుని, వేలు పెట్టి, పంక్తి పంక్తీ చదివాను. చలి ఈగలను చంపదు, తడి చంపుతుంది అని ఉంది. అవి తేనె తిని ఊపిరి పీలిస్తే ఆవిరి పుడుతుంది, అది పైకి పోయి చల్లటి మూతకు తగిలి నీళ్ళై వాటి నెత్తినే పడుతుంది. వెచ్చటి గోడలు మంచివే. కాని తల మీద ఆవిరి పీల్చుకునేది ఏదైనా ఉండాలి, ఆ పైన గాలి పోవడానికి దారి ఉండాలి. పల్చటి పెట్టెలో చలి, బిగిసిన పెట్టెలో తడి. ఈ రెండూ కాని మూడో తీరు పెట్టె కావాలన్నమాట.

నాకు కావలసింది తెలిసిపోయింది. చెప్పడం ఎలాగో తెలియలేదు. నా కొంపాద్రే మూడు రోజుల శ్రమ నా ఈగలను చంపిందని ఏ నోటితో చెప్పను?

చెప్పలేదు. జూన్ మొదట్లో అబెలార్దో బరమా తీసుకుని, మూతకు కాస్త కింద, వెనకవైపు, వేలు దూరేంత చిల్లు ఒకటి పెట్టాను. చెవి ఆనించి విన్నాను. లోపల దూరపు కెరటాల్లా మోత. బతికే ఉన్నాయి. ఆ పూట హాయిగా భోజనం చేశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక తోరిబియో ఎప్పటిలాగే మాతే తాగడానికి వచ్చాడు. లోపలికి రాకముందే పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. తన చేతిపనిని చూసుకోకుండా ఆయన ఏ ఇంట్లోకీ పోడు. కిటికీలోంచి చూస్తున్నాను. వంగాడు, జేబులోంచి కత్తి తీశాడు, పుల్ల ఒకటి చెక్కాడు, రాయితో రెండు దెబ్బలు కొట్టాడు.

"కొమాద్రే, పెట్టెకు పురుగు పట్టింది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "కంగారు పడకండి, మూసేశాను."

"మీ చేతులు చల్లగా ఉండాలి కొంపాద్రే," అన్నాను.

సోమవారం ఆ బిరడాను పట్టుకారుతో లాగేశాను. పక్కన ఇంకో చిల్లు కూడా పెట్టాను. మళ్ళీ ఆదివారం రెండూ మూశాడు.

"ఇదేం పురుగో గాని గుండ్రంగా తొలుస్తోంది కొమాద్రే. పనితనం ఉన్న పురుగు."

ఆయన కళ్ళలోకి చూడలేక రొట్టెలు తెచ్చే వంకతో లేచాను. మూడోసారి మూడు చిల్లులు పెడుతుండగా సునీల్దా కంచె దాటి వచ్చి నన్ను పట్టేసింది. బరమా చేతిలో, మోకాళ్ళ నిండా బురద. ఉన్నదంతా చెప్పేశాను. ఆమె కంచె కర్ర పట్టుకుని నవ్వింది, చాలాసేపు నవ్వింది.

"పెళ్ళైన నాడు మా అమ్మ ఇచ్చిన చిల్లుల గరిటె ఉండేదే. దాన్ని కూడా మూయబోయాడు. చిల్లు కనబడితే ఆయన చెయ్యి ఆగదు. నలభై ఏళ్ళుగా అదే బతుకు."

"ఎలా చెప్పమంటావే?"

"నోటితో చెప్పు. లేదా ఆయన పుల్లలు అయిపోయేదాకా చిల్లులు పెట్టు. ఆయన దగ్గర పుల్లలు చాలా ఉన్నాయి మరి."

ఆ వారం వాన తెరిపి ఇవ్వలేదు. శనివారం చెవి ఆనిస్తే మోత సన్నబడింది. కెరటాల చప్పుడు కాదు, కెటిల్ కాగబోయే ముందు వచ్చే చప్పుడు. ఇక ఆగకూడదనుకున్నాను.

ఆదివారం తోరిబియో మూడు చిల్లులూ మూసి వచ్చి పొయ్యి పక్కన కూచున్నాడు. నేను సొరబుర్రలో మాతే పోసి ఇచ్చాను. ఆయన తాగుతుండగా చెప్పాను. చిల్లులు పెట్టింది పురుగు కాదు, నేనే. చలి కాదు, తడి. పెట్టె మంచిదే గాని మరీ మంచిది. పుస్తకం కూడా తెరిచి పెట్టాను. మాట మాటకూ "కొంపాద్రే" అంటున్నాను, ఆ ఒక్క మాటా పట్టుకుని గోడ ఎక్కుతున్నట్టు.

ఆయన పుస్తకం వైపు చూడలేదు. బుర్ర ఖాళీ చేసి నా చేతికిచ్చి, "ధన్యవాదాలు కొమాద్రే," అన్నాడు.

మా దగ్గర మాతే తాగేటప్పుడు ఎవరూ ధన్యవాదాలు చెప్పరు. చెప్పారంటే ఇక చాలు, మళ్ళీ పోయొద్దని. ఆయన ఎప్పుడూ ఆరు ఏడు బుర్రలు తాగేవాడు. ఆ రోజు ఒక్కటే. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ పెట్టెకు కొంచెం అవతల ఉన్న, చచ్చిన ఈగల ఖాళీ పెట్టెను భుజానికెత్తుకున్నాడు. తన వస్తువు తాను తీసుకుపోతున్నాడనుకున్నాను.

నాలుగు రోజులు ఆ వైపునుంచి మనిషి రాలేదు. నా జీవితంలో జరిగిన ఎడబాట్లలో ఒక్కదానికీ పెద్ద గొంతు లేదు. అబెలార్దో ఆఖరిసారి పోతూ అన్నది, కోళ్ళగూటి తలుపు బిగుసుకుంది, చూసుకో అని. మా అక్క లాంచీ ఎక్కుతూ చెప్పులు మార్చుకుంది. అంతే. అందరూ చిన్న చిన్న పనులు చేస్తూ వెళ్ళిపోయారు. ఈయన బుర్ర చేతికిచ్చి వెళ్ళిపోయాడు. రోజుకు రెండుసార్లు పోయి చెవి ఆనించేదాన్ని. బిరడాలు ముట్టుకోలేదు. అవి లాగితే ఆయన్ను ఇంటినుంచి గెంటినట్టే అనిపించింది. లాగకపోతే ఈగలు పోతాయి. నాలుగో రోజు సాయంత్రానికి, రేపు పొద్దున లాగేస్తాను, కొంపాద్రే పోతే పోయాడు, ప్రాణాలు ఉన్నవి ఇవి అని నిశ్చయించుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు కూచుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున పట్టుకారు వెతుకుతుంటే కంచె దగ్గర సునీల్దా గొంతు వినిపించింది.

"వంగకు, వంగకు, నీ నడుము పోతే నేను మొయ్యలేను."

తోరిబియో భుజం మీద కొత్త చెక్కసామాను ఉంది. సునీల్దా చేతిలో గోనెసంచి. ఆయన సామాను దించి, టోపీ తీసి, పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

"ఆ చచ్చిన పెట్టెను రంపంతో కోసి చూశాను కొమాద్రే. బయటినుంచి చుక్క నీరు దూరలేదు. నార ఎలా కూరానో అలాగే ఉంది. లోపలినుంచి కుళ్ళింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు పడవలు కట్టాను, నా పడవ ఒక్కటి కూడా లోపలినుంచి కుళ్ళలేదు."

"మీ తప్పు కాదు కొంపాద్రే."

"నా తప్పే. నేను దాన్ని సముద్రం మీది పడవనుకున్నాను. చలికాలంలో ఒడ్డుకు లాగిన పడవను ఏం చేస్తాం? అడుగు బిరడా తీసేస్తాం, వాలుగా పెడతాం, పైన కప్పి పక్కలకు గాలి వదుల్తాం. చిన్నపిల్లాడికైనా తెలుసు. నాకు తెలియదా? మీరు పుస్తకం ముందు పెట్టారు. ఒక్క మాట, ఇది ఒడ్డున ఉన్న పడవ కొంపాద్రే అని అంటే సరిపోయేది."

"నాలుగు రోజులు అన్నం తినలేదు," అంది సునీల్దా. "తినలేదంటే మామూలుగా తిన్నంత తినలేదు."

నేను మెట్టు మీద కూచున్నాను. ఆయన కోపంతో వెళ్ళలేదు. ఆలోచించుకోవడానికి వెళ్ళాడు. మనిషి మాట్లాడకుండా పోయినంత మాత్రాన పోయినట్టు కాదని అరవై తొమ్మిదేళ్ళకు తెలిసింది.

తరువాత పెట్టె గురించి ముగ్గురం వాదులాడుకున్నాం. పుస్తకంలో పైన ఎండుగడ్డి నింపమని ఉంది. తోరిబియో నవ్వాడు. మా దీవిలో జూన్‌లో ఎండుగడ్డి ఎక్కడ దొరుకుతుంది, ఆ పుస్తకం రాసినాయన వచ్చి చూపించాలి. తన కొట్టులో చిత్రిక పొట్టు గుట్టలు ఉన్నాయన్నాడు. తడిస్తే అది గడ్డ కడుతుందని నేనన్నాను.

"ఉన్ని," అంది సునీల్దా, గోనెసంచి నేల మీద పడేస్తూ. "తడిసినా వెచ్చగా ఉండేది అదొక్కటే. మీ మగవాళ్ళు సముద్రం మీద బతికి బట్టకట్టేది దేనివల్ల? కడగని ఉన్ని, జిడ్డుతో ఉన్నది. నా మంచి గొర్రెది. ఈయనకు మేజోళ్ళు అల్లుదామని దాచాను."

"నా మేజోళ్ళు ఈగలకిస్తున్నావా?"

"అవి పనిచేస్తాయి."

అలా తేలింది మా పెట్టె తీరు. దేవదారు గోడలు అలాగే ఉండాలి, వాటి మందం మంచిదే. తారు బిగించిన మూత పోవాలి. దాని బదులు గోనెగుడ్డ అడుగు ఉన్న జానెడు ఎత్తు డబ్బా, దాని నిండా ఉన్ని, ఆ పైన గాలి పోయే సన్నటి సందులు, అన్నిటి మీదా చెక్కపెంకుల చూరు, వాన సందుల్లోకి కొట్టకుండా ముంజేయి పొడవున బయటికి వచ్చేట్టు. పెట్టెను ముందుకు కొంచెం వాల్చాలి, నీళ్ళుంటే వాకిట్లోంచి కారిపోవాలి. వాకిలి ఉత్తరపు గాలికి కాకుండా పొద్దు పొడిచే వైపు తిరగాలి.

చలికాలంలో పెట్టె తెరవడం అంటే ఇంటి కప్పు ఎత్తినట్టే. వాన ఆగే గంట కోసం రెండు రోజులు చూశాం. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు విచ్చింది. సునీల్దా పడవ మీద కప్పే నూనెగుడ్డను గాలికి అడ్డంగా పట్టుకుంది. తోరిబియో ఉలితో మూత లేపాడు. నార చిరిగే చప్పుడుకు ఆయన ముఖం ముడుచుకుపోయింది. మూత లోపలివైపు నీటిబొట్లు వరసలు కట్టి ఉన్నాయి. కింద, చట్రాల మధ్య, నా టోపీ అంత ముద్దగా ఈగలు. అంచున ఉన్నవి కదలలేదు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను, తొమ్మిది దాకా వచ్చాను. పది అనేలోపు ఒక ఈగ రెక్కలాడించింది. తరువాత దాని పక్కది.

"మూయండి కొంపాద్రే, త్వరగా మూయండి."

"మూయమంటారా, తెరవమంటారా, ఏదో ఒకటి తేల్చుకోండి," అంటూనే ఆయన ఉన్ని డబ్బాను దించాడు. చూరు పెట్టాడు. పెట్టె ముందు కాళ్ళ కింద మట్టి తవ్వి వాల్చాడు. అంతా కలిపి దుంపలు ఉడికే సేపు కూడా పట్టలేదు. ఆ రోజు ఆయన ఎనిమిది బుర్రల మాతే తాగాడు. ఒక్కసారి కూడా ధన్యవాదాలు చెప్పలేదు.

జూలై అంతా వాన. నేను వారానికి ఒకసారే చెవి ఆనించాను, ఎక్కువ విసిగించకూడదని. మోత ఉండేది, కొన్నాళ్ళు పల్చగా, కొన్నాళ్ళు మందంగా. ఒకసారి ఉన్నిలో చెయ్యి దూర్చి చూశాను. పైపొర తడిగా, కిందిపొర వెచ్చగా ఉంది. గోనెగుడ్డ మీద అరచెయ్యి కాసేపు ఉంచాను. పాలు తాగి పడుకున్న పసిపిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. ఆగస్టు మొదట్లో మూడు రోజులు మంచు పడింది. ఆ మూడు రోజులూ మోత వినిపించలేదు. చెవికి ఏమీ అందలేదు. తోరిబియో కూడా వచ్చి విన్నాడు, టోపీ సర్దుకున్నాడు, చూద్దాం అన్నాడు. పెట్టె తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు. తెలియనంత కాలం అవి బతికే ఉన్నాయి కదా.

ఆగస్టు మూడో వారంలో ఒక రోజు ఎండ కాసింది. పొద్దున్నే పొగమంచు విడిపోయి, గాలి ఆగి, తడి కంచెల మీదనుంచి ఆవిరి లేచింది. అలాంటి రోజున దీవి ఆడవాళ్ళందరూ బట్టలుతుకుతారు. నేను పెరట్లోకి పోలేదు. పోతే పెట్టె కనబడుతుంది, వాకిట్లో ఎవరూ లేకపోతే అదీ కనబడుతుంది. దుంపలు చెక్కు తీస్తూ కూచున్నాను.

"ఓర్ఫా! బయటికి రా."

సునీల్దా పరుగులాంటి నడకతో వస్తోంది. చేతుల్లో తడి దుప్పటి, తెల్లది, కొడుకు పెళ్ళికి కొన్నది. దాన్ని నా ముఖానికి ఎదురుగా విప్పింది. దుప్పటి నిండా ఆవపిండి రంగు చుక్కలు. చుక్కలు కావు, గీతలు. కొన్ని ఇంకా ఆరలేదు.

"చూడు. నాలుగు దుప్పట్లు, మూడు చొక్కాలు. పొద్దున్నించి ఉతికాను. నీ ఈగలు నా తీగ మీద బారులు తీరాయి. చలికాలమంతా ఎక్కడా పోకుండా దాచుకుని, నా కొడుకు పెళ్ళి దుప్పటి మీదా?"

చలికాలమంతా అవి ఇంట్లో మలవిసర్జన చెయ్యవు. ఎండ కాసిన మొదటి రోజున అన్నీ ఒక్కసారి బయటికి వస్తాయి. పుస్తకంలో ఆ పంక్తి చదివినప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకున్నాను. పది చుక్కలు కాదు, వందలు.

"బతికాయే," అన్నాను. అదే మాట మళ్ళీ అన్నాను.

సునీల్దా తిట్టడం ఆపలేదు గాని దుప్పటి వదిలేసింది. ఇద్దరం పెరట్లోకి పోయాం. చూరు కింద ఎండలో ఈగలు పైకీ కిందికీ తిరుగుతున్నాయి, సంతలో జనంలా. వాకిట్లోంచి రెండు ఈగలు చచ్చిన ఈగను బయటికి ఈడ్చి పడేస్తున్నాయి, ఇల్లు ఊడ్చుకుంటున్నాయి. తోరిబియో అప్పటికే అక్కడ ఉన్నాడు, చేతులు వెనక కట్టుకుని. కొట్టునుంచి ఎప్పుడొచ్చాడో తెలియదు.

"నవంబరులో ఇవి రెండు కాపురాలవుతాయి కొమాద్రే," అన్నాడు. "ఇంకో పెట్టె కావాలి. ఈసారి బతిమాలుకోవడానికి రావద్దు. మీ రొట్టెల్లో ఉప్పు ఎక్కువ."

ఆ దుప్పటిని మూడు నీళ్ళలో నేనే ఉతికి ఇచ్చాను. మూలన ఒక మచ్చ పోలేదు. సునీల్దా ఇంటికి ఎవరొచ్చినా అది చూపించి నన్ను తిడుతుంది. పక్కనే కూచుని వింటాను.